గదిని అడిగిన మనిషి

నేపర్‌విల్ భీమశంకర్ గారు మనుషుల మాట నమ్మరు. థర్మామీటరు మాట నమ్ముతారు. ఇది గిట్టనివారు ఆయనపై మోపిన అభియోగం కాదు. పదిమంది సమక్షంలో ఆయనే పలుమార్లు అంగీకరించిన వాస్తవం. ఇతరులు చొక్కా జేబులో కలం పెట్టుకొనే చోట ఆయన జానెడు పొడవైన ఉక్కుసూది పెట్టుకొనేవారు. సూది నెత్తిన అర్ధరూపాయి బిళ్ళంత ముఖం, ఆ ముఖంలో ఫారన్‌హీట్ అంకెలు, ఒక ముల్లు. ఆ లెక్కన ముప్పై రెండుకు నీళ్ళు గడ్డకడతాయి, డెబ్బైకి ఒంటికి హాయి. కాఫీ ఇస్తే మొదట సూది తాగేది, తరువాత ఆయన తాగేవారు. చారు వడ్డిస్తే సూది మునిగేది. కొత్త కారు కొన్నామని ఎవరైనా చూపిస్తే రంగు గురించి ఒక్కమాట అనకుండా సీటు కింద సూది గుచ్చి, "ముప్పై నాలుగు. పిల్లల కాళ్ళు కొంకర్లు పోతాయి" అనేవారు.

రాధారాణి గారింట సత్యనారాయణ వ్రతం జరిగినప్పుడు ఆయన ప్రసాదం గిన్నెలోనే సూది దింపిన ఉదంతం ఇల్లినాయ్ తెలుగువారందరికీ కంఠస్థం.

"శంకర్ గారూ, అది స్వామివారి ప్రసాదం. మీ ల్యాబ్ శాంపిల్ కాదు" అన్నారు రాధారాణి గారు.

"తెలుసండీ. అందుకే సూది స్టెరిలైజ్ చేసి తెచ్చాను. నూట నలభై ఉంది. మూడు నిమిషాలు ఆగి పంచండి, పిల్లల నాలుకలు కాలతాయి."

ఆ మూడు నిమిషాలూ స్వామివారితో సహా అందరూ వేచి ఉన్నారు.

పందొమ్మిది వందల ఎనభై నాలుగు అక్టోబరులో ఇటువంటి వ్యక్తి ఎదుట పడడం కృష్ణమూర్తి గారి జాతకంలో రాసి ఉంది. కృష్ణమూర్తి గారు ఏలూరు కలెక్టరు కచేరీలో ముప్పై రెండేళ్ళు సేవచేసి, హెడ్ గుమాస్తాగా విరమించినవారు. పదకొండుమంది కలెక్టర్ల సంతకం కింద వెళ్ళిన ఉత్తరాలకు చిత్తుప్రతి ఆయనదే. విరమించిన తరువాత కూడా చిత్తుప్రతి లేనిదే ఆయన కూరగాయలకు సైతం చీటీ రాయలేదు. భార్య అనంతలక్ష్మి గారితో కలిసి, ఐదో నెల నడుస్తున్న కూతురు విద్యకు పురుడు పోయడానికి అమెరికా వచ్చారు. ఫిబ్రవరి చివర ప్రసవం. అంతవరకూ ఉండి, బిడ్డను ఎత్తుకొని, నామకరణం చూసి వెళ్ళాలని సంకల్పం.

విద్యా, అల్లుడు శ్యామ్‌సుందరూ వారికి ఇచ్చిన గది ఇంట్లోకెల్లా అందమైనది. కొత్త తెరలు, కొత్త తివాచీ, గోడకు వేంకటేశ్వరస్వామి పటం. లోపమల్లా ఒక్కటే. ఆ గది కారు షెడ్డు మీద ఉంది. కింద కారు, పైన కృష్ణమూర్తి దంపతులు, నడుమ ఒక చెక్క. ఆయన రెండు స్వెటర్లు, కోతిటోపీ, ఆ పైన విరమణ సభలో కప్పిన శాలువా ధరించి పడుకొనేవారు. ఆ శాలువా ఇంత ఉపయోగపడుతుందని కప్పినవారు కూడా అనుకొని ఉండరు.

విద్య ప్రతి ఉదయం అడిగేది. "నాన్నా, గదిలో చలిగా లేదు కదా?"

"బాగానే ఉందమ్మా."

ఆ తరం పెద్దలకు అదొక శాసనం. పైగా ఇక్కడ కారణం కూడా ఉంది. చలి అన్న మాట నోట వెలువడిన మరుక్షణం విద్య తన గది వారికిచ్చి, తాను ఆ కడుపుతో మెట్లెక్కి కారు షెడ్డు మీద పడుకొంటుంది. ఆ పిల్ల సంగతి తల్లిదండ్రులిద్దరికీ తెలుసు. కనుక ఈ విషయం బయటికి పొక్కరాదని వారిద్దరి మధ్య ఏకగ్రీవ తీర్మానం జరిగింది.

అటువంటి ఇంటికి భీమశంకర్ గారు భోజనానికి వచ్చారు. కూర్చోకముందే, "బాబాయిగారూ, మీరు పడుకొనే గది ఒకసారి చూడొచ్చా?" అని అడిగి, సమాధానం రాకముందే మెట్లెక్కారు. గది నడుమ నిలబడి సూదిని గాలిలో పట్టుకొన్నారు. తరువాత తివాచీ అంచు ఎత్తి అక్కడ గుచ్చారు.

"యాభై ఎనిమిది" అన్నారు.

"చలేమీ లేదండీ. బాగానే ఉంది" అన్నారు వెనక వచ్చిన కృష్ణమూర్తి గారు.

"మిమ్మల్ని అడగలేదండీ. గదిని అడిగాను."

జేబులోంచి చిన్న నోటు పుస్తకం తీసి ఏదో రాసుకొని, ఆయన కిందికి వెళ్ళి చారులో సూది ముంచారు. కృష్ణమూర్తి గారు మాత్రం పైనే నిలబడిపోయారు. ముప్పై రెండేళ్ళ సర్వీసులో ముందస్తు నోటీసు లేకుండా ఆయన సీటును తనిఖీ చేసినవారు లేరు. ఆ పూట ఆయన పెరుగన్నం తింటూ మనసులోనే ఒక ఆక్షేపణ పత్రం ఆరంభించి, 'విచారకరమైన ఈ సంఘటన' వరకూ వచ్చారు.

ఆ పత్రం పూర్తికాకముందే, మరుసటి శనివారం మధ్యాహ్నం ఫిర్యాదు ఎవరి మీదో ఆ వ్యక్తే చేతులు కట్టుకొని గుమ్మంలో నిలబడ్డారు.

"బాబాయిగారూ, మీరు అర్జీలు రాయడంలో దిట్ట అని విద్య చెప్పింది. నాకొక అర్జీ కావాలి. మా ఇంటికి హీటింగ్ మారుస్తున్నాను. గ్యాస్ ఫర్నెస్ తీసేస్తున్నాను. సిటీవాళ్ళు రెండుసార్లు అప్లికేషన్ రిటర్న్ చేశారు."

"ఏ కారణం చూపారు?"

"ఫారంలో బాక్స్ లేదన్నారు. ఇల్లు దేంతో వేడి చేస్తావు అన్నచోట గ్యాస్, ఆయిల్, కరెంటు అని మూడే ఉన్నాయి. నేను నాలుగోది గీసి 'నేల' అని రాశాను."

కృష్ణమూర్తి గారు కళ్ళజోడు తీసి తుడుచుకొన్నారు. ఫారంలో లేని గడిని సొంతంగా గీసిన మనిషిని ఆయన ఇదే మొదటిసారి చూడడం. "నాకు అర్థం కాని విషయం మీద నేను చిత్తు రాయనండీ. ముందు విషయం విశదపరచండి" అన్నారు.

"పదండి, ఫ్రిజ్ దగ్గర చెబుతాను."

వంటింట్లో భీమశంకర్ గారు కృష్ణమూర్తి గారి చేయి పట్టుకొని ఫ్రిజ్ వెనక సందులో దూర్చారు.

"ఎలా ఉంది?"

"వెచ్చగా ఉన్నది."

"ఆ వెచ్చదనం ఎక్కడిది?"

"మోటారుది కాబోలు."

"కొంత మోటారుది. మిగతాది లోపలున్న పెరుగుది. పెరుగులోంచి వేడి లాగి ఇది వెనక్కి పోస్తోంది."

"పెరుగు చల్లనిది కదండీ. చల్లనిదానిలో వేడి ఎక్కడిది?"

"మనకు చల్లన. దానికంటే చల్లని పదార్థం పక్కన పెట్టండి, పెరుగే వేడి. గొట్టంలో ఒక ద్రవం ఉంది. అది ఎంత చల్లగా ఉందంటే, పెరుగు తగిలితే పొయ్యి మీద పెట్టినట్టు మరిగిపోతుంది. మరిగి ఆవిరవుతూ వేడి తాగేస్తుంది. ఆ ఆవిరిని కంప్రెసర్ గట్టిగా నొక్కుతుంది. సైకిలుకి గాలి కొట్టేటప్పుడు పంపు వేడెక్కుతుంది చూడండి, అలాగ వేడెక్కుతుంది. ఆ వేడి మీ చేతికి తగిలింది. చల్లబడి మళ్ళీ ద్రవమై పెరుగు దగ్గరికి పోతుంది."

"మంచిది. మరి మీ ఇల్లు?"

"మా ఇల్లు ఫ్రిజ్ వెనక. నేల మా పెరుగు గిన్నె."

అంతవరకూ పక్కన నిలబడి కందిపప్పు ఏరుతున్న అనంతలక్ష్మి గారు తల ఎత్తారు. "అయితే నాయనా, ఇక్కడ నేల గడ్డకట్టి రాయిలా ఉంటుందంటారే. దాన్లో ఏముంటుంది?"

"పిన్నిగారూ, ధనుర్మాసంలో తెల్లవారుజామున బావిలో నీళ్ళు తోడితే ఎలా ఉంటాయి?"

"గోరువెచ్చగా ఉంటాయి. చేదలోంచి పొగలు వస్తాయి."

"మరి రోహిణీ కార్తెలో?"

"చల్లగా హాయిగా ఉంటాయి."

"బావి మారలేదు పిన్నిగారూ. పైన గాలి మారింది. ఇక్కడైనా అంతే. పై నాలుగడుగులూ గడ్డకట్టనివ్వండి. ముప్పై అడుగులు దిగితే చలికాలం, ఎండాకాలం, ఎప్పుడైనా యాభై రెండు. నూటయాభై అడుగుల గొట్టాలు దింపి, అందులో గడ్డకట్టని నీళ్ళు తిప్పుతాను. వెళ్ళేటప్పుడు చల్లగా వెళ్ళి, వచ్చేటప్పుడు నాలుగైదు డిగ్రీలు మోసుకొస్తాయి. ఒక పాలు కరెంటు ఇస్తే మూడు పాళ్ళ వెచ్చదనం ఇంట్లోకి వస్తుంది. ఎండాకాలం తిరగేస్తాను. ఇంట్లో వేడి తీసి నేలకి ఇచ్చేస్తాను."

అరవై ఏళ్ళ జీవితంలో ఎన్ని వందల ఉదయాలు కృష్ణమూర్తి గారు బావిగట్టున పొగలు కక్కే నీళ్ళు నెత్తిన పోసుకొన్నారో లెక్కలేదు. ఒక్కనాడూ ఎందుకని అడగలేదు. ఫ్రిజ్ వెనక ఇంకా చేయి అలాగే ఉంది. దానిని వెలుపలికి తీసి, అరచేతిని ఒకసారి చూసుకొని, "కాగితాలు ఇవ్వండి" అన్నారు.

అర్జీ నాలుగు పుటలు వచ్చింది. అది ఆంగ్లంలో ఉన్నా దాని ఆత్మ ఏలూరు కచేరీదే. 'మహారాజశ్రీ నగర భవన అనుమతుల అధికారివారి దివ్యసముఖమునకు, సవినయముగా మనవి చేయునది ఏమనగా' అని ఆరంభమై, భూమి స్వభావం, బావినీటి ధర్మం, పెరుగు దృష్టాంతం మీదుగా సాగి, 'అర్జీదారు శీతకాలమున భూమినుండి గైకొనిన వేడిని వేసవిలో తిరిగి భూమికే అప్పగించుదునని ఇందుమూలముగా హామీ ఇచ్చుచున్నాడు' అని ముగిసింది. అడుగున, సమాచార నిమిత్తం ప్రతులు మేయరుకు, గవర్నరుకు, అగ్నిమాపక శాఖకు.

"గవర్నర్‌కి ఎందుకు బాబాయిగారూ?" అన్నారు భీమశంకర్ గారు.

"పైకి ప్రతి వెళ్ళినదని తెలిస్తే కింద కాగితం కదులుతుంది. మీకు వేడి ఎటు ప్రవహించునో తెలుసు. నాకు కాగితం ఎటు ప్రవహించునో తెలుసు."

తొమ్మిదో రోజున భవన అధికారి హాల్వర్‌సన్ దొర స్వయంగా అర్జీ చేతపట్టుకొని వచ్చాడు. ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో నేలకు హామీ ఇచ్చిన దరఖాస్తు తాను చూడలేదన్నాడు. పెరుగు సంగతి తనకు పూర్తిగా అర్థమైందన్నాడు. అనుమతి ఇచ్చి, ఫారంలో 'నేల' అన్న గడి మీదనే ముద్ర వేశాడు.

నవంబరులో యంత్రం వచ్చి పెరడు తవ్వింది. భీమశంకర్ గారి భార్య ఉషకు వంటింటి కిటికీలోంచి బూడిదరంగు బురద తప్ప మరేదీ కనిపించలేదు.

"పెళ్ళైన కొత్తలో చంద్రుణ్ణి తెచ్చిస్తానన్నారు" అంది ఆమె. "ఇప్పుడు బ్యాక్‌యార్డ్‌లోకి డెలివరీ చేశారు."

"ఒక్క వారం ఉషా."

"మీ వారం ఎన్ని డిగ్రీలు?"

బోరులో గొట్టాలు దింపే ముందు భీమశంకర్ గారు పొడవైన తీగ చివర కొలత పరికరం కట్టి, తీగను కృష్ణమూర్తి గారి చేతికిచ్చారు. పైన గాలి ఇరవై ఆరు. తీగ దిగుతోంది. ఇరవై అడుగులకు యాభై. ముప్పైకి యాభై రెండు. అరవైకి యాభై రెండు. నూరు అడుగులకు యాభై రెండు. పైన మంచు తుంపర పడుతూ ఉంది, పక్కవారి కుక్క మొరుగుతూ ఉంది. కింద, చీకటిలో, ఎవరూ అడగని చోట, ఆ యాభై రెండు నిశ్చలంగా కూర్చుని ఉంది. పదకొండుమంది కలెక్టర్లు మారిన కచేరీలో కదలనిదంటూ ఒకటి ఆయన చూడలేదు. కృష్ణమూర్తి గారు కోతిటోపీ తీసి చంకలో పెట్టుకొన్నారు. దేవాలయంలో తప్ప ఆయన తలమీది వస్త్రం తీయరు.

జనవరి వచ్చింది. అనంతలక్ష్మి గారి మోకాళ్ళు బిగుసుకుపోయాయి. మెట్లు దిగడానికి గోడ పట్టుకొనేవారు. విద్య చూసినప్పుడు గోడకు బొట్టు పెడుతున్నట్టు నిలబడేవారు. పదిహేనో తేదీన ఆమె భర్తతో అన్నారు. "ఇంక నావల్ల కాదండీ. పురిటికి నేను పనికిరాకపోగా, నాకే పిల్ల చాకిరీ చేయాల్సి వస్తుంది. వెళ్ళిపోదాం."

"విద్యతో ఏమని చెప్పడం?"

"చలి అని మాత్రం చెప్పకండి."

కృష్ణమూర్తి గారు బల్ల ముందు కూర్చున్నారు. 'అనివార్య కారణములవలన' అని మొదలుపెట్టి మూడు చిత్తులు రాశారు, మూడూ చించారు. పదకొండుమంది కలెక్టర్ల తరఫున కారణాలు కల్పించిన చేతికి, కన్నకూతురి ముందర పెట్టడానికి ఒక్క కారణం దొరకలేదు.

ఆ మూడో ఆదివారం నాడు షికాగో చుట్టుపక్కల ఎన్నడూ ఎరగని చలి పడింది. సున్నాకి ఇరవై ఏడు డిగ్రీలు దిగువన. కారులు కదలలేదు, పాలసీసాలు పగిలాయి. ఉదయం పదింటికి గుమ్మంలో ఒక మూట కనిపించింది. ముసుగు విప్పగా అది భీమశంకర్ గారు. నేరుగా పైకి వెళ్ళి సూది పట్టుకొన్నారు. నలభై ఏడు. కిందికి వచ్చి, విద్యా శ్యామ్‌సుందర్‌ల ఎదుట గొంతు సవరించుకొన్నారు.

"బాబాయిగారూ, మా సిస్టమ్‌కి ఇవాళ్టి నుంచి టెస్ట్. ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్ళు అదనంగా ఉండాలి. మనిషికి ఇంత హీట్ లోడ్ అని లెక్క ఉంటుంది. గంటగంటకీ రీడింగ్ రాయడానికి నమ్మకమైనవాళ్ళు కావాలి. రెండు వారాలు."

"నాన్న ఎందుకండీ, ఎవరైనా గ్రాడ్ స్టూడెంట్‌ని పెట్టుకోవచ్చు కదా" అంది విద్య.

"గ్రాడ్ స్టూడెంట్లు రౌండ్ చేసేస్తారమ్మా. నలభై తొమ్మిదిన్నరని యాభై అంటారు."

కృష్ణమూర్తి గారు నిటారుగా కూర్చున్నారు. "లిఖితపూర్వకమైన ఉత్తర్వు కావాలి" అన్నారు.

భీమశంకర్ గారు నోటు పుస్తకంలోంచి కాగితం చింపి 'మీరు రండి' అని రాసిచ్చారు. కృష్ణమూర్తి గారు దానిని చదివి, కలం తీసి, తేదీ, విషయము, సూచిక, 'సతీసమేతముగా' అన్న మాట చేర్చి, సంతకం పెట్టించుకొని, నకలు విద్యకిచ్చారు.

భీమశంకర్ గారింట్లో అడుగుపెట్టగానే కృష్ణమూర్తి గారికి వినిపించింది నిశ్శబ్దం. మంట లేదు, గ్యాస్ వాసన లేదు, నేలమాళిగలో బీరువా అంత పెట్టె ఒకటి తేనెటీగల్లా సన్నగా పాడుతోంది. గోడమీద అంకె అరవై తొమ్మిది. భీమశంకర్ గారు ఆయన చేత గొట్టం మీద చేయి వేయించారు: నేలలోకి వెళ్ళే నీరు ముప్పై నాలుగు, వచ్చే నీరు ముప్పై తొమ్మిది.

"ఈ ఐదేనా?" అన్నారు కృష్ణమూర్తి గారు.

"ఈ ఐదే. నిమిషానికి తొమ్మిది గ్యాలన్లు, ప్రతి గ్యాలనుతో ఐదు డిగ్రీలు. ఆగకుండా."

బయట లోకమంతా గడ్డకట్టింది. చేతికి చల్లగా తగులుతున్న నీటినుండి ఒక ఇల్లు నిలువునా వెచ్చబడుతోంది. కృష్ణమూర్తి గారు గొట్టం మీదినుండి చేయి తీయలేదు. ఎవరో పెద్దలు ఆశీర్వదించగా ఆ చేతిని వదిలిపెట్టలేనట్టు, పావుగంట అలాగే నిలబడ్డారు.

మూడో రోజున అనంతలక్ష్మి గారు గోడ పట్టుకోకుండా మెట్లు దిగారు. అయిదో రోజున పులిహోర కలిపారు. సూది మునిగినా ఏమీ అనలేదు. కృష్ణమూర్తి గారు గంటగంటకూ రీడింగులు రాశారు, పావు డిగ్రీ కూడా అటూ ఇటూ చేయకుండా. రాస్తూ రాస్తూ, పన్నెండో రోజున తన పుస్తకం నిండిపోయి, బల్లమీద ఉన్న భీమశంకర్ గారి చిన్న నోటు పుస్తకంలో ఖాళీ పుట వెదికారు. పరుల దస్తావేజు చదవడం ఆయన నియమానికి విరుద్ధం. కాని తన పేరు కనిపించింది.

'రాధారాణి అత్తగారు. బేస్‌మెంట్. 56. బాగానే ఉందన్నారు. వేడిగాలి వచ్చే వెంట్ మీద సూట్‌కేస్ ఉంది, జరిపాను.'

'రేణు వాళ్ళ నాన్నగారు. ఉత్తరం గది. 59. బాగానే ఉందన్నారు. కిటికీకి ప్లాస్టిక్ వేశాను. గాలిపటం అతికిస్తున్నానని చెప్పాను.'

అలా ముప్పై ఒక్క ఇళ్ళు. ముప్పై ఒక్కచోటా 'బాగానే ఉందన్నారు'. చివరిది:

'కృష్ణమూర్తి బాబాయిగారు. గరాజు మీద. 58, ఇవాళ 47. బాగానే ఉందన్నారు. కింద సీలింగ్‌లో ఇన్సులేషన్ అసలు లేదు. శ్యామ్‌కి చెప్పాను. రెండు వారాల పని. అంతవరకూ ఇక్కడ ఉంచాలి. టెస్ట్ అని చెప్పాలి.'

కాఫీ తెచ్చిన ఉష ఆయన చేతిలో పుస్తకం చూసింది. చూడనట్టు గ్లాసు పెట్టి, మళ్ళీ మనసు మార్చుకొని కూర్చుంది.

"సెవెంటీ నైన్ చలికాలంలో మా అత్తగారు శేషమ్మగారు వచ్చారు బాబాయిగారూ. మూడు నెలలు ఉన్నారు. ఈయన రోజూ 'చలిగా ఉందా అమ్మా' అని అడగడం, ఆవిడ 'బాగానే ఉంది నాయనా' అనడం. వెళ్ళి ఊళ్ళో వీధి వీధంతా చెప్పారు, మా వాడు ఐసు పెట్టెలో కాపురం చేస్తున్నాడని. మళ్ళీ రానన్నారు. ఆ వారమే ఈయన ఆ సూది కొన్నారు. 'ఉషా, ఇంక పెద్దవాళ్ళని అడగను' అన్నారు."

కృష్ణమూర్తి గారు పుస్తకం మూసి, ఉన్నచోటనే, ఉన్న కోణంలోనే పెట్టారు. పరీక్ష ముగిసినట్టు పధ్నాలుగో రోజున ఉత్తర్వు అందుకొన్నారు. తిరిగి వచ్చేసరికి కారు షెడ్డు మీది గది డెబ్బై డిగ్రీలుంది. శ్యామ్‌సుందర్ జుట్టులో, చలి ఆపడానికి షెడ్డు కప్పులో కూరిన గాజు దూది పీచు ఇంకా ఉంది. ఎవరూ దాని ప్రస్తావన తేలేదు. అనివార్య కారణాల చిత్తు మళ్ళీ అవసరపడలేదు.

ఫిబ్రవరి ఇరవై ఆరున విద్యకు ఆడపిల్ల పుట్టింది. మొదటి స్నానం అనంతలక్ష్మి గారు తమ మోకాళ్ళ మీద పడుకోబెట్టుకొని పోశారు. నీళ్ళలో ముందు మోచేయి పెట్టి చూశారు. పక్కనున్న సూది నూరు అని చెప్పింది. మోచేయికీ సూదికీ భేదాభిప్రాయం రాలేదు.

ఆ వారమే కృష్ణమూర్తి గారు గుడివాడలోని శేషమ్మ గారికి ఒక ధ్రువపత్రం పంపారు. 'తమ కుమారుని గృహమున పధ్నాలుగు దినములు స్వయముగా నివసించి, మూడు వందల ముప్పై ఆరు పర్యాయములు పరిశీలించి, అరవై తొమ్మిది డిగ్రీలకు తగ్గలేదని ధ్రువీకరించుచున్నాను. ఇది బాగానే ఉన్నది అన్న అర్థములో కాక, నిజముగా బాగుగా ఉన్నదని గ్రహించగలరు.' నెలరోజులకు జవాబు వచ్చింది. కార్తీకం వెళ్ళగానే బయలుదేరతానని, కొడుకు మాట మీద కాదు, కచేరీ కాగితం మీద వస్తున్నానని.

నామకరణం మార్చిలో జరిగింది. ఇల్లంతా జనం, వంటల ఆవిరి. ఎవరో కిటికీ తెరిచారు. కిటికీ పక్క కుర్చీలో మనవరాలిని ఒళ్ళో పెట్టుకొని కృష్ణమూర్తి గారు కూర్చుని ఉన్నారు. భీమశంకర్ గారు పాయసం గిన్నె వైపు వెళుతూ ఆగి, అలవాటుగా జేబులోకి చేయి పోనిచ్చి, ఏమనుకొన్నారో ఖాళీ చేయి వెలికి తీశారు.

"బాబాయిగారూ, చలిగా ఉందా?"

'బాగానే' అన్న మాట కృష్ణమూర్తి గారి గొంతు దాకా వచ్చింది. దానిని ఆయన వెనక్కి పంపారు. జీవితంలో మొదటిసారి, చిత్తుప్రతి లేకుండా, మౌఖికంగా, సాక్షుల సమక్షంలో వాంగ్మూలం ఇచ్చారు.

"ఉంది నాయనా."

భీమశంకర్ గారు ఒక క్షణం ఆయన ముఖంలోకి చూశారు. తరువాత వెళ్ళి కిటికీ మూశారు. ఎన్ని డిగ్రీలో చూడలేదు.